గుణుపురం తమ్ముడికి: యవ్వనస్థుల కూటం పెరగాలంటే ముందు చెయ్యాల్సిన పనులు

తమ్ముడూ, వందనాలు.

మీరు అడిగింది ఇది: ఒడిశాలో గుణుపురం దగ్గర తెలుగు క్రైస్తవ సంఘం. పాస్టరు అయ్యగారు యూత్ బాధ్యత మీ చేతిలో పెట్టారు. రిజిస్టరులో యాభై పేర్లుంటే శనివారం సాయంత్రం కూటానికి పదిమందే వస్తున్నారు. కొత్తగా వచ్చిన ప్రార్థన మందిరంలో బ్యాండు, రంగు లైట్లు ఉన్నాయని మీ పిల్లలు కొందరు అటు వెళ్తున్నారు. మనమూ కీబోర్డు, ప్యాడ్లు, సౌండు సెట్టు కొనాలా? పెద్దలు డబ్బు ఇవ్వడం లేదు. పైగా ఈస్టరుకి పెద్ద యూత్ కాన్ఫరెన్సు పెట్టమంటున్నారు, ఒప్పుకోవాలా?

సూటిగా చెప్తాను. ఇప్పుడు ఏమీ కొనకండి. ఈ ఏడాది కాన్ఫరెన్సు వద్దు. వస్తున్న ఆ పదిమందికీ సంఘంలో తలో నిజమైన పని అప్పగించండి. రాని నలభైమంది ఎక్కడున్నారో ఒక్కొక్కరి పేరు మీద కనుక్కోండి. కూటం వాళ్లకు నోటికి వచ్చే, కంటికి ఆనే భాషలో జరుగుతోందో లేదో చూడండి. ఈ మూడూ చెయ్యకుండా సౌండు సెట్టు కొంటే ఆరు వారాలు జనం వస్తారు, ఏడో వారం మళ్లీ ఆ పదిమందే మిగులుతారు. ఆ సెట్టు మాత్రం వెస్ట్రీలో, అంటే గుడి పక్క గదిలో, బీరువా పక్కన ఉండిపోతుంది. మన జిల్లాల్లో అలా మూలపడ్డ సెట్లు చాలా చూశాను.

నేను పర్లాకిమిడిలో టీచరుగా పనిచేస్తూ చాలా ఏళ్లుగా మా సంఘంలో యవ్వనస్థులతో ఉన్నాను. కాశీనగరం, గుణుపురం, రాయగడ వైపు తెలుగు సంఘాల్లో యూత్ లీడర్లతో కూర్చుని మాట్లాడుతుంటాను. హైదరాబాదులోనో విజయవాడలోనో పనికొచ్చే సలహా ఇక్కడ సగమే పనికొస్తుంది. ఎందుకో కింద చెప్తాను.

ముందు రిజిస్టరు దగ్గర కూర్చోండి. మీరొక్కరే వద్దు. ఒక పెద్దాయనను, స్త్రీల సమాజంలో అందరి ఇళ్లూ తెలిసిన ఒక అక్కను పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక్కో పేరు చదువుతుంటే సంగతి బయటపడుతుంది. ఫలానా అబ్బాయి సూరత్‌లో మగ్గాల మీద ఉన్నాడు. ఇద్దరు చెన్నైలో కట్టడం పనికి వెళ్లారు. ఒకమ్మాయికి పాతపట్నంలో పెళ్లయి రెండేళ్లయింది, పేరు ఇంకా కొట్టెయ్యలేదు. ఒకడు బట్టల షాపులో పని, రాత్రి తొమ్మిదికి గానీ వదలరు. ఇద్దరు ప్లస్ టూ హాస్టల్లో ఉన్నారు. ఇలా లెక్క తేలితే యాభైలో ఊళ్లో ఉండి, శనివారం సాయంత్రం ఖాళీగా ఉండి కూడా రానివాళ్లు ఏ పన్నెండు మందో ఉంటారు. మీరు నలభైమంది రావడం లేదని బాధపడుతున్నారు, మీ దగ్గర ఉన్న అసలు ప్రశ్న ఆ పన్నెండు మందిది. మిగతావాళ్లకు వేరే దారి కావాలి.

షాపులో పనిచేసే అబ్బాయి శనివారం ఎలా వస్తాడు? అలాంటివాళ్లు నలుగురుంటే ఆదివారం ఆరాధన అయ్యాక అరగంట వాళ్లకోసమే ఉంచండి. అది కూడా యూత్ కూటమే, చిన్నదని తీసిపారెయ్యకండి.

ఇక భాష. మన దగ్గర దీని గురించి ఎవరూ నోరెత్తరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి, చుట్టుపక్కల తెలుగువాళ్లు అటు వెళ్లాం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇప్పుడు పైగా ఇంగ్లీషు మీడియం. తాతలు తెలుగు చదివారు, తల్లిదండ్రులు తడుముకుంటూ చదివారు, మన పిల్లలకు మాట్లాడ్డం తప్ప అక్షరం రాదు. కానీ మన కూటం ఎలా నడుస్తుంది? అందరూ బైబిలు తెరవాలి, వరసగా తలో వచనం చదవాలి. రానివాడికి అదెంత అవమానమో ఆలోచించండి.

మా కూటంలో ఒక ప్లస్ టూ అమ్మాయి ఉండేది. తన వంతు రాగానే బైబిలు పక్కమ్మాయికి జరిపేసేది. సిగ్గనుకునేవారు అందరూ. ఒకరోజు తన నోటుబుక్కు తెరిచి ఉంటే చూశాను. 121వ కీర్తన, కొండల తట్టు కన్నులెత్తే కీర్తన, మొత్తం ఒడియా అక్షరాల్లో రాసుకుంది. వాళ్లమ్మ చదువుతుంటే విని రాసిందట. ఒడియా లిపిలో ఎ, ఏ లకు వేర్వేరు గుర్తులు లేవు, ఒ, ఓ లకూ లేవు. అందుకని దీర్ఘం పలకాల్సిన చోటల్లా పైన ఎర్ర పెన్నుతో గీత పెట్టుకుంది. 'వ' రాయాల్సిన చోట 'బ' పడుతుందని దాని కింద చుక్క పెట్టుకుంది. ఎవరూ నేర్పలేదు, తనే కట్టుకున్న పద్ధతి. మరుసటి వారం ఆ నోటుబుక్కులోంచే గట్టిగా చదివింది. ఒక్క తప్పు లేదు. ఆ తర్వాత మా పాటల షీట్లన్నీ ఆ అమ్మాయే రాసింది, ఎడమవైపు తెలుగు లిపి, కుడివైపు ఒడియా లిపి. పాటలప్పుడు పెదవులు కదపకుండా నిలబడే కుర్రాళ్లు ఎంతమంది పాడటం మొదలుపెట్టారో చెప్పలేను.

కాబట్టి మీరు చెయ్యాల్సింది: వరస చదివింపు వెంటనే ఆపండి. చదవడం వచ్చినవాళ్లు ఇద్దరు చదవాలి, మిగతావాళ్లు విని మాట్లాడాలి. ఫోనులో బైబిలు ఆడియో పెట్టండి. ప్రార్థన ఒడియాలో వస్తే ఒడియాలోనే చెయ్యనివ్వండి. "తెలుగు సంఘంలో ఒడియా ఏంటి" అని పెద్దలు అంటారు. నేనూ తెలుగు పోకూడదనే అంటాను, అందుకే మా దగ్గర వేసవి సెలవుల్లో రోజూ గంటసేపు తెలుగు అక్షరాలు నేర్పిస్తున్నాం. కానీ ఒడియా వాళ్ల బతుకుతెరువు, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగం కావాలంటే ఒడియా చదవడం, రాయడం రావాలి. ఆ భాషను చిన్నచూపు చూస్తే పిల్లలు తెలుగుకు దగ్గర కారు, సంఘానికి దూరమవుతారు.

మీ వైపు సవర గిరిజన పిల్లలు కూడా హాస్టళ్లలో ఉంటారు. దగ్గరలో తమ భాష సంఘం లేక మన ఆరాధనకు వచ్చి వెనక వరసలో కూర్చుని వెళ్లిపోతారు. వాళ్లను "మనవాళ్లు కాదు" అన్నట్టు చూడకండి. ఇదే పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని, 1931లో దాని వ్యాకరణం అచ్చు వేయించారు. మనం కనీసం వాళ్ల పేర్లు సరిగ్గా పలకడం, వాళ్ల భాషలో ఒక పాట నేర్చుకోవడం చెయ్యొచ్చు. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం మీ పెద్దలతో కలిసి చదవండి. గ్రీకు మాట్లాడే విధవరాళ్లను పంపకంలో చిన్నచూపు చూశారని గొడవ వస్తే, సంఘం ఏడుగురిని ఎన్నుకుంది. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్ల భాషవాళ్ల చేతికే పని ఇచ్చారు. మీ కమిటీలో ఒక సవర అబ్బాయో అమ్మాయో ఉండాలని నేననేది అందుకే.

పని అప్పగించడం అంటే ఏమిటి? కుర్చీలు సర్దమనడం, క్రిస్మస్‌కి స్టారు కట్టమనడం కాదు. అవీ చెయ్యాలి, కానీ వాటితో సరిపెడితే పిల్లలు తాము కూలీలమనే అనుకుంటారు. తను చెయ్యకపోతే ఆ వారం సంఘంలో ఒకటి ఆగిపోతుంది అన్న పని కావాలి. మా దగ్గర ఒక అబ్బాయి మోటారు రివైండింగ్ షాపులో చేసేవాడు. కూటానికి రమ్మంటే వచ్చేవాడు కాదు, వాక్యం తనకు తలకెక్కదని చెప్పేవాడు. ఒక గుడ్ ఫ్రైడే రోజు, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన మధ్యలో కరెంటు పోయి, ఇన్వర్టరు పనిచెయ్యక మైకు ఆగింది. అతన్ని పిలిపిస్తే జేబులో టెస్టరుతో వచ్చి, మెట్ల కింద కూర్చుని, కాలిపోయిన వైరు మార్చి పావుగంటలో పెట్టాడు. పెద్దలు ఆ రోజే మైకు, ఇన్వర్టరు, ఫ్యాన్లు అన్నీ అతనికి అప్పగించారు, తాళం చెవితో సహా. తాళం చెవి చేతికొచ్చాక అతను ఆరాధనకు అందరికంటే ముందు వస్తున్నాడు. మైకు దగ్గర ఉండాలి కాబట్టి ప్రతి వర్తమానం, అంటే వాక్య ప్రసంగం, వింటున్నాడు. బాప్తిస్మం తీసుకున్నాడు. ఇప్పుడు ఇంకో ఇద్దరికి ఆ పని నేర్పుతున్నాడు.

ఇది నా కొత్త ఆలోచనేం కాదు. 1881లో అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండులో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టరు మొదలుపెట్టిన క్రిస్టియన్ ఎండీవరు పద్ధతి ఇదే. ప్రతి యవ్వనస్థుడూ ప్రతి కూటంలో నోరు విప్పి ఏదో ఒకటి చెప్పాలి, ఏదో ఒక కమిటీలో పనిచెయ్యాలి. మీ సంఘంలో ముసలివాళ్లను అడగండి, సి.ఇ. (క్రిస్టియన్ ఎండీవరు) కూటం అంటే కొందరికైనా గుర్తుంటుంది. పెద్దలను ఒప్పించడానికి నేను వాడే దారి ఇదే. "అయ్యా, మీ రోజుల్లో సి.ఇ.లో మీరేం చేసేవారు?" అని అడిగి, వాళ్లు చెప్పేది ఓపిగ్గా వినండి. కుర్రతనంలో తాము వాక్యం చెప్పిన సంగతి గుర్తొచ్చాక మీ పిల్లలకు వద్దనడం వాళ్లకు కష్టం.

కూటం ఎలా నడపాలని మీరు అడగలేదు గానీ రెండు మాటలు. గంటన్నర దాటొద్దు. వర్తమానం పావుగంట చాలు, తర్వాత ముగ్గురు ముగ్గురుగా కూర్చుని మాట్లాడుకోవాలి, ఒకరి కోసం ఒకరు ప్రార్థన చెయ్యాలి. మీరు ప్రతి వారం వాక్యం చెప్పొద్దు. నెలలో రెండుసార్లు పిల్లల్లో ఒకరు చెప్పాలి, ముందు రోజు మీరు కూర్చుని సాయం చెయ్యండి. పౌలు తిమోతికి చెప్పింది అదే కదా, నువ్వు విన్నవి నమ్మకమైనవాళ్లకు అప్పగించు, వాళ్లు ఇంకొకరికి నేర్పాలి అని. పిల్లలు నిజంగా ఏం అడుగుతారో వాటి మీదే మాట్లాడండి: ఉద్యోగం, ప్రేమ, కులం, ఫోనులో బెట్టింగు ఆటలు, తాగుడు. మన సరిహద్దులో ఇంకొకటి ఉంది, గంజాయి. "ఈ బ్యాగు అవతలి ఊరి బస్టాండులో ఇచ్చెయ్, ఇంత ఇస్తాం" అని కాలేజీ కుర్రాళ్లను అడిగేవాళ్లున్నారు. దొరికితే ఏళ్ల తరబడి జైలు. మా కూటంలో ఒక అబ్బాయి అలా తనను అడిగారని ముగ్గురి గుంపులో చెప్పాడు, ఇంట్లో చెప్పలేదు. వేదిక మీద వర్తమానం ఎంత బాగా చెప్పినా ఆ మాట బయటికి వచ్చేది కాదు. పెద్దాయన ఒకరు అతన్ని తన షాపులో పెట్టుకున్నారు. అందుకే చిన్న గుంపుల మీద నేను ఇంత పట్టుబడుతున్నాను.

మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి మెట్రిక్, ప్లస్ టూ పరీక్షలు. ఆ రోజుల్లో కూటాలు తగ్గించి గుడిని చదువుకునే గదిగా తెరవండి. ఫ్యాను, లైటు, నీళ్లు, ఒక పెద్ద మనిషి కాపలా ఉంటే చాలు. ఇంట్లో ఒకే గది ఉన్న పిల్లలకు ఇది పెద్ద మేలు, తల్లిదండ్రులకు మీ మీద నమ్మకం కుదురుతుంది.

ఊరు వదిలి వెళ్లినవాళ్లను "పోయారు" అని కొట్టెయ్యకండి. ఆదివారం రాత్రి తొమ్మిది తర్వాత ఇరవై నిమిషాలు వాట్సాప్ కాల్ పెట్టండి. పాట వద్దు, వర్తమానం వద్దు, ఎవరికేం అవసరమో అడిగి ప్రార్థన చెయ్యండి. వెళ్లిన ఊళ్లో తెలుగు సంఘం ఎక్కడుందో మీరే కనుక్కుని, అక్కడి పాస్టరు గారికి ఫోను చేసి "మా అబ్బాయి వస్తాడు" అని చెప్పండి. సూరత్‌లో, చెన్నైలో మొదటి నెల ఒంటరితనమే కుర్రాడిని పాడుచేస్తుంది. వీళ్లు క్రిస్మస్‌కి ఇంటికొచ్చినప్పుడు సాక్ష్యం, అంటే అక్కడ దేవుడు తమను ఎలా నడిపించాడో, చెప్పించండి. ఊళ్లో ఉన్న పిల్లలు అది చెవులొగ్గి వింటారు.

ఇప్పుడు రాసేది దయచేసి రెండుసార్లు చదవండి. ఆడపిల్లలుంటే స్త్రీల సమాజం నుంచి ఒకరు తప్పనిసరిగా కూటంలో ఉండాలి. మూసిన గదిలో ఒకరితో ఒంటరిగా కౌన్సెలింగ్ చెయ్యొద్దు, మీరు ఎంత మంచివారైనా సరే. రాత్రి పూట అమ్మాయిలకు విడిగా మెసేజీలు వద్దు. చీకటి పడకముందే ఇంటికి చేర్చాలి. రిట్రీటుకు తీసుకెళ్తే తల్లిదండ్రుల సంతకం ఉండాలి, నదిలో స్నానాలు వద్దు. వంశధార పైకి నిదానంగా కనిపిస్తుంది, లోపల లాగేస్తుంది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే, 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. సంఘం పరువని పంచాయితీలో సర్దెయ్యడానికి వీల్లేదు.

అలాగే ఒడిశాలో 1967 నుంచి మత స్వేచ్ఛ చట్టం ఉంది. బలవంతం, ఆశ చూపడం, మోసం చేసి మతం మార్చడం నేరం. మైనర్లు, స్త్రీలు, ఎస్సీ ఎస్టీల విషయంలో శిక్ష ఎక్కువ. పిల్లల స్నేహితులు వేరే మతం ఇళ్ల నుంచి ఆటలకో పాటలకో వస్తారు. రావద్దనకండి, కానీ ఇంటికి వెళ్లి వాళ్ల అమ్మానాన్నలతో మాట్లాడండి, వాళ్లకు తెలియకుండా ఏదీ జరగనివ్వకండి. బహుమతులు ఇచ్చి రప్పించే పద్ధతి అసలే వద్దు. చట్టానికి భయపడి మాత్రమే కాదు, బిస్కెట్ల కోసం వచ్చిన బిడ్డ మీ మాట నమ్మడు.

డబ్బు సంగతి. పెద్దలు ఇవ్వడం లేదంటే, చాలాసార్లు అంతకుముందున్న యూత్ లీడరు లెక్క చెప్పలేదని అర్థం. అడిగి చూడండి. యూత్ కానుక మీ సొంత ఫోన్‌పే నంబరుకు వేయించుకోవద్దు, ఒక్క రూపాయి కూడా. పుస్తకం ఒకటి పెట్టండి, ఖర్చుకు రశీదు అంటించండి, ఇద్దరు సంతకం చెయ్యాలి, అందులో ఒకరు అమ్మాయి అయితే మంచిది. నెల చివర అడక్కుండానే ట్రెజరరు గారికి చూపించండి. ఆరు నెలలు ఇలా చూపిస్తే ఎంత బిగుసుకుపోయిన పెద్దలైనా మెత్తబడతారు. అప్పుడు డోలక్కో గిటారో అడగండి, అదీ వాయించే పిల్లవాడు మీ దగ్గర ఉంటేనే.

కొత్త మందిరానికి వెళ్తున్న పిల్లల గురించి: ఆ మందిరాన్ని గానీ, అక్కడి పాస్టరును గానీ మీ కూటంలో ఒక్క మాట అనకండి. వాళ్ల ఇళ్లకు వెళ్లండి, పరీక్షలప్పుడు ఫోను చెయ్యండి, జ్వరమొస్తే చూసి రండి. కొందరు తిరిగి వస్తారు, కొందరు అక్కడే ఉంటారు. అక్కడ ప్రభువును ప్రేమిస్తూ ఉంటే మనకు పోయిందేమీ లేదు. ఇది చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు, ముఖ్యంగా సండే స్కూల్లో మన చేతుల మీద పెరిగిన పిల్లలైతే.

ఇక ఈస్టరు. అయ్యగారి దగ్గర కాన్ఫరెన్సు వద్దని మొహమ్మీద అనకండి. "ఈసారి సూర్యోదయ ఆరాధన మొత్తం యూత్‌కి వదిలెయ్యండి అయ్యగారూ" అని అడగండి. పాటలు, చదివింపు, సాక్ష్యాలు, మైకు, టీ, అన్నీ మీ పదిమందే. రిజిస్టరులో దొరికిన ఆ పన్నెండు మందికి కూడా తలో పని చెప్పండి, "రండి" అనకండి, "ఈ పని నువ్వు చెయ్యాలి" అనండి. కాన్ఫరెన్సు దసరా సెలవులకు జరపండి, బయటికి వెళ్లిన పిల్లలూ కొందరు వస్తారు, అప్పటికి నడపడానికి మీ దగ్గర మనుషులుంటారు.

రిజిస్టరు చూడటం అయ్యాక మీ పిల్లల్లో ఎంతమందికి తెలుగు చదవడం వచ్చో, ఎంతమందికి ఒడియా మాత్రమే వచ్చో లెక్కేసి ఇక్కడే రాయండి. ఈస్టరు పాటల షీట్లు రెండు లిపుల్లోనూ మా దగ్గర తయారుగా ఉన్నాయి, ఆ లెక్కను బట్టి కాపీలు తీయించి నౌపడ-గుణుపురం రైలు మీద మావాళ్లెవరైనా వచ్చినప్పుడు పంపిస్తాను.